గృహవిజ్ఞానము: పాత కారులోనికి వాననీరు

వానలు మొదలైనవి. పెంకులు సరిచేయించుట, ధాన్యపు డబ్బాల మూతలు బిగించుట, పచ్చళ్ల జాడీలను తేమ తగులనిచోట నుంచుట మొదలగు పనులను గూర్చి మన సోదరీమణులకు మేము క్రొత్తగ చెప్పవలసినదేమియు లేదు. కాని వాకిట నిలిచియున్న పాత కారు సంగతి పెక్కుమందికి తోచదు. ఇంటికప్పువలెనే దాని కప్పును కారును. అట్లు కారిన నీరు నేలమీద మడుగుకట్టి కంటబడక, తీగలవెంట ప్రాకి, దీపములను, హారనును, వైపరులను, తలుపుల తాళములను పాడుచేయును.

కారు సంగతి మగవారిది గదా, దీనికి స్త్రీల పత్రికలో చోటేల యని కొందఱనవచ్చును. కారు నడపు స్త్రీలు నేడు మన పట్టణములలో ఎందఱో కలరు. నడపనివారికైనను పిల్లలను బడికిని, పెద్దలను ఆసుపత్రికిని చేర్చునది ఆ కారే. అదియునుగాక, మగ్గినబట్ట వాసనను, తడిసిన గోనెపట్టా వాసనను ఇంటిలో మొట్టమొదట పసిగట్టునది గృహిణి. పాత కారులో దీపములు చెడుటకు ఎన్నియో దినములు ముందుగ వచ్చునది ఆ వాసనయే. తెల్లవారునప్పటికి అద్దములు లోపలివైపున మసకగ చెమర్చియుండుట రెండవ గుర్తు. ఈ రెండును కనబడిననాడే మేలుకొన్నవారికి ఖర్చు స్వల్పము.

నీరు చేయు పని యెట్టిదో మొదట తెలిసికొందము. కారులోని బ్యాటరీ 12 వోల్టులది. ఇంటిలోని 230 వోల్టుల కరెంటువలె అది ముట్టినవారికి ఘాతము కలిగింపదు. కాని అది యెల్లప్పుడు ఒకే దిక్కున ప్రవహించు కరెంటగుటచే, తడితో కలిసినచో రాగిని తినివేయును. శుద్ధమైన వాననీటిగుండ కరెంటు అంతగా ప్రవహింపదు. అయితే ఆ నీరు కారు కప్పుమీది దుమ్మును, ఆకుల పసరును, సముద్రతీరపు ఊళ్లలో ఉప్పును కలుపుకొని లోనికి వచ్చునప్పటికి కరెంటునకు మంచి త్రోవ యగును. తీగ కొనకును కారు ఇనుపదేహమునకును నడుమ ఈ తడి చేరినప్పుడు ఆ కొనయందలి రాగి కొంచెము కొంచెముగ కరగి పచ్చని చిలుముగ మారును. చాలకాలము తోమని రాగిచెంబునకు పట్టు చిలుమువంటిదే యిది. చిలుము పట్టినచోట కరెంటు సుళువుగ పోజాలదు. దీపము మసకబారును, వైపరు మందగించును, ఆ చోటు వేడెక్కును.

ఇంకొక చిత్రము కలదు. తీగపైనున్న ప్లాస్టికు తొడుగులోపల సన్నని రాగిపోగులు అనేకము ఉండును. దీపపువత్తి నూనెను పీల్చినట్లే ఆ పోగులు నీటిని పీల్చును. నీరు తొడుగులోపలనే ప్రాకిపోయి ఎక్కడనో దూరమున నున్న సాకెట్టులో చేరును. కావున నీరు ప్రవేశించిన చోటొకటియు, చెడిన వస్తువుండు చోటు వేఱొకటియు అగును. దీపము చెడినదని దీపమును మార్చినంతమాత్రమున ఈ రోగము కుదురకపోవుటకు కారణమిదియే.

పైగా ఇది వాననాడు వచ్చి ఎండనాడు పోవు రోగము. రాత్రి కురిసిన వానకు ఉదయమున కారు కదలదు. మధ్యాహ్నము మెకానిక్కు వచ్చునప్పటికి ఎండకాసి తడియారి కారు చక్కగ పనిచేయును. "ఏమీ లేదమ్మా, బాగానే ఉంది" అని యతడు వెడలిపోవును. అతని మాట అబద్ధము కాదు. అతడు చూచిన వేళకు అది బాగుగనే యున్నది. అందుచేత ఏ దినమున ఎంత వాన కురిసినది, ఏ వస్తువు చెడినది, మరల ఎప్పుడు బాగుపడినది అను మూడు సంగతులను పాలలెక్క వ్రాసికొను కాగితముమీదనే ఒక మూల వ్రాసియుంచుడు. నాలుగైదు వానలకు ఆ కాగితము మెకానిక్కునకు మిక్కిలి యుపయోగపడును.

లక్షణములు విచిత్రముగ నుండును. ఎవరును నొక్కకయే హారను మ్రోగును. తలుపుల తాళములు వాటియంతట అవియే పడును. బ్రేకు త్రొక్కినచో ప్రక్కనున్న ఇండికేటరు మిణుకుమనును. ఈ కడపటిదానికి కారణము తెలిసినచో భయము తీరును. వెనుక దీపములన్నిటి తీగలును ఒకచోట కారు దేహమునకు బిగింపబడియుండును. దానిని మెకానిక్కులు ఎర్తు అందురు. డిక్కీలోనికి నీరు కారి ఆ బిగింపు త్రుప్పుపట్టినచో, బ్రేకుదీపపు కరెంటు తన త్రోవ మూసికొనిపోగా ప్రక్కదీపముగుండ దారి వెదకుకొనును. ఆ బిగింపును విప్పి గరుకుకాగితముతో రుద్ది మరల బిగించినచో చాలును.

ఉదయమున బ్యాటరీ దిగిపోవుట మఱియొక లక్షణము. చిన్నకార్ల బ్యాటరీ యించుమించు 35 ఆంపియరు-గంటలది. నిలిపియుంచిన కారులో తడివలన అర ఆంపియరు కరెంటు ఊరక కారిపోవుచున్నదనుకొందము. 70 గంటలలో, అనగా మూడు దినములు తిరుగకుండగనే, బ్యాటరీ పూర్తిగ ఖాళీ యగును. పాతబడిన బ్యాటరీ యైనచో అంతసేపును పట్టదు. బ్యాటరీ పాడైనదని క్రొత్తది కొనుట, మరుసటివానకు అదియు దిగుట, దుకాణదారునితో తగవు పడుట, ఇట్లు జరిగిన ఇండ్లను మేమెఱుగుదుము.

కాకినాడలో మా యెఱుకనున్న యొక యుపాధ్యాయినికి పాత మారుతి 800 కారు కలదు. 1983వ సంవత్సరమున మొదలై 2014వ సంవత్సరారంభమున తయారీ నిలిచిన కారది. కాబట్టి నేడు రోడ్డుమీద నున్నవానిలో మిక్కిలి క్రొత్తదియు పదేండ్లు దాటినదే. ఈమె కారు తండ్రిగారు వాడినది. ఇంటియెదుట వేపచెట్టు నీడను నిలుపుదురు. ఒక శ్రావణమాసమున వైపరులు నడుమనడుమ ఆగుట మొదలైనది. మెకానిక్కు మోటారు మార్చెను. పిదప స్విచ్చి మార్చెను. అటుతరువాత ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచుండుటచే విసిగి, ఫ్యూజునకు మాఱుగ ఒక రాగితీగను చుట్టి బిగించి, "ఇంక పోదండీ" అని చెప్పెను. పోలేదు. మూడవనాటి రాత్రి వృద్ధురాలగు తల్లిని వెంటబెట్టుకొని సామర్లకోటనుండి తిరిగివచ్చుచుండగా పెద్దవాన పట్టుకొన్నది. స్టీరింగు క్రిందనుండి ప్లాస్టికు కాలిన వాసన, వెంటనే పొగ. వైపరులు నిలిచెను, ముందుదీపములు ఆరెను. ఆమె కారును ప్రక్కకు తీసి, తాళపుచెవి త్రిప్పి, తల్లిని చేయిపట్టి దింపి, ఆ వానలోనే దూరముగ నిలిచియుండెను. మంట లేవలేదు. కాని వెనుక లారీ వచ్చియున్నచో దీపములేని కారు దానికి కనబడియుండునా యని తలచుకొనిన ఇప్పటికిని ఒడలు జలదరించునని ఆమె మాతో చెప్పినది.

తప్పు కనిపెట్టినది ఇంటిలో పనిచేయు అమ్మాయి. మ్యాట్లు కడుగుటకు తీసి, "పైన పొడిగానే ఉందండీ, కింద మెత్త పిండితే నీళ్లు కారుతున్నాయి" అన్నదట. అక్కడనుండి పైకి వెదకగా సంగతి బయటపడినది. వైపరుల క్రింది కాలువ వేపాకులతో నిండిపోయి నీరు నిలుచుచున్నది. మునుపెప్పుడో పొగమంచు దీపములు పెట్టించునప్పుడు తీగ దూర్చుటకు అడ్డపురేకునకు తొలిచిన రంధ్రమొకటి యున్నది. తీగచుట్టును బిగింపవలసిన రబ్బరు అందులో లేదు. నిలిచిన నీరు ఆ రంధ్రముగుండ తీగవెంట దిగి తిన్నగ ఫ్యూజుల పెట్టెలోనికి చేరుచున్నది. రబ్బరు ముక్క ఖరీదు కొద్ది రూపాయలు. మోటారునకును స్విచ్చికిని ఆమె వేలు పోసియుండెను. "పాతబండి గదండీ, అమ్మేసుకోండమ్మా" అని మెకానిక్కు సలహాకూడ చెప్పియుండెను. ఆ కారు నేటికిని నడచుచున్నది.

ఫ్యూజును గూర్చి ఒకమాట గట్టిగ చెప్పవలసియున్నది. ఫ్యూజు కాలుట రోగము కాదు, అది కాపలావాని కేక. నీటివలన కరెంటు అడ్డదారిన పోవుచున్నప్పుడు తీగలు కాలకుండుటకై అది తాను కాలును. రెక్కలవంటి కాళ్లుగల ఫ్యూజులలో ఎరుపురంగుది 10 ఆంపియర్లకు, నీలిది 15కు, పసుపుపచ్చది 20కి, ఆకుపచ్చది 30కి. నీలిరంగుది కాలినచోట నీలిదానినే పెట్టవలెను. నిలుచునుగదా యని పెద్దదానిని పెట్టుటగాని, రాగితీగగాని సిగరెట్టుపెట్టెలోని తళుకుకాగితముగాని చుట్టుటగాని కూడదు. అట్లు చేసినచో ఫ్యూజు నిలుచును, తీగలు కాలును. మీ కారు మరమ్మతునుండి వచ్చిననాడు ఫ్యూజులపెట్టె మూత తీసి ఒక్కసారి చూడుడు. మూతమీదనే ఏది ఎన్ని ఆంపియర్లదో అచ్చువేసియుండును. ఇది రెండు నిమిషముల పని, చదువవచ్చినవారెవ్వరైనను చేయవచ్చును.

ఇక నీరు వచ్చు త్రోవలు. అన్నిటిలో ముఖ్యమైనది ముందద్దము క్రింద, వైపరుల దగ్గఱనున్న జల్లెడవంటి నల్లని పలక. బయటిగాలి లోనికి వచ్చునది అక్కడినుండియే. అద్దముమీద పడిన వాననీరంతయు ఆ జల్లెడలోనికే దిగి, క్రిందనున్న కాలువలో పడి, రెండుకొనలయందును గల రంధ్రములగుండ నేలకు పోవలయును. వేపాకు, చింతాకు, తురాయి యాకు, ఈ సన్నని యాకులు జల్లెడలో దూరి దుమ్ముతో కలిసి పేడముద్దవలె గట్టిపడును. నీరు పోవు దారి మూసికొనినచో గాలి పోవు దారిన అదియు లోనికి దిగును. మన కార్లలో గాలిపంకా సామాన్యముగ ఎడమవైపున నుండుటచే ఎడమకాళ్ల క్రింది మ్యాటు తడియును. చెట్టునీడన కారు నిలుపువారు ప్రతి వారమును ఆ యాకులను చేతితో ఏరివేయవలెను. వానలకు ముందొకసారి పలకను విప్పించి కాలువను కడిగించుట మేలు. చెంబెడు నీరు పోసిన వెంటనే చక్రము వెనుకనుండి నేలకు కారినచో దారి తెరచియున్నట్లు.

తలుపుల సంగతి చాలమందికి తెలియదు. కారు తలుపులోనికి నీరు రాకుండ నెవరును చేయలేరు. అద్దము ప్రక్క రబ్బరును దాటి కొంతనీరు దిగుచునేయుండును. ఆ నీరు పోవుటకే తలుపు అడుగుఅంచున చిన్న రంధ్రములుంచిరి. అవి మట్టితో పూడినచో నీరు తలుపులోనే నిలుచును. తలుపు వేయునప్పుడు బిందెలో నీరు కదలినట్లు సవ్వడి వినబడినచో అదియే. ఒక చీపురుపుల్లతో పొడిచిన కారిపోవును. తలుపు లోపలి అట్టవెనుక ఒక ప్లాస్టికు పొర యుండును. పాటల స్పీకరు పెట్టువారును, అద్దపు మోటారు బాగుచేయువారును దానిని చింపి మరల అతికింపకయే వదలుదురు. అంతట నీరు అట్టను తడిపి, అద్దములెత్తు స్విచ్చిలో దిగి, అక్కడినుండి కాళ్లక్రిందికి పోవును. మందపు ప్లాస్టికు కాగితము కోసి అతికించిన సరిపోవును. పని యెదుటనుండి చేయించుకొనుడు.

ముందద్దపు రబ్బరు ఎండకెండి గట్టిపడి మూలలయందు పగులును. వెనుక దీపముల చుట్టునున్న రబ్బరుపట్టీ నలిగినచో డిక్కీలో అదనపు చక్రముండు గుంట నిండును. ఆ చక్రమునెత్తి చూచువారు అరుదు. కప్పుమీది రేడియో కడ్డీ మొదలు, సామాను చట్రపు మరలు, కప్పుకిటికీ యున్నచో దాని మూలలనుండి దిగు సన్నగొట్టములు కూడ చూడవలసినవే. తలుపుల చుట్టునున్న రబ్బరును పరీక్షించుటకు ఒక కాగితపుముక్కను అంచున నుంచి తలుపు వేసి లాగుడు. బిగువుగ రావలెను. జారివచ్చినచో అక్కడ రబ్బరు అణగినది.

తడి కనబడినంతమాత్రమున అది వాననీరే యనుకొనరాదు. వానలేని దినమున ఏసీ వేసి తిరిగినపిమ్మట ఎడమ మ్యాటు తడిసినచో అది ఏసీనుండి కారు నీరు. దాని గొట్టము పూడినదని యర్థము. వ్రేలికి జిగటగ తగిలి, తీయని వాసనయు రంగును కలిగినది ఇంజనును చల్లబఱచు ద్రవము. అది విషము, పిల్లలను దగ్గఱకు రానీయక వెంటనే మెకానిక్కును పిలువవలెను. ఏ రంగును జిగటయు లేక, వాన వెలిసినపిమ్మట కనబడునది వాననీరు.

చోటు పట్టుకొనుటకు ఇద్దఱు కావలెను. లోపలి మ్యాట్లు తీసి, అనుమానమున్నచోట్ల పొడి వార్తాపత్రికలు పఱచి, ఒకరు సెల్‌ఫోను దీపముతో లోపల కూర్చుండవలెను. మఱియొకరు తోట గొట్టముతో బయటనుండి నీరు విడువవలెను. కడుగు దుకాణములోని జోరుధార పనికిరాదు, అది మంచి రబ్బరునుకూడ దాటును. వానజల్లువలె మెల్లగ విడువవలెను. మొదట తలుపుల అడుగున, పిదప అద్దముల మొదట, చివరకు కప్పుమీద, ఒక్కొక్కచోట ఐదునిమిషములు. క్రిందనుండి పైకే ఏల పోవలెననగా, పైన మొదలుపెట్టిన నీరు అన్నిచోట్లను దిగి ఏది దారియో తెలియనీయదు. కాగితముమీద మొదటి తడిమచ్చ కనబడినచోటనుండి పైకి వెదకుడు.

దారి మూయకుండ ఆరబెట్టుట వ్యర్థము, ఆరబెట్టకుండ దారి మాత్రము మూయుటయు చాలదు. మ్యాటు క్రింది దూదివంటి మెత్త నీటిని వారములతరబడి పట్టియుంచును. పైన తుడిచి ఊరకున్నచో బూజుపట్టును, రేకు త్రుప్పుపట్టును, ఆ యావిరియే ప్రతి సాకెట్టులోను చేరును. వీలైనంత మెత్తను ఎత్తి క్రింద ఇటుకముక్క పెట్టి, తలుపులు తెఱచి, ఎండ కాచు రెండుమూడు దినములు ఆరనిండు. తీగల జోలికి పోవుటకు ముందు బ్యాటరీ యొక్క ఋణకొనను, అనగా మైనసు గుర్తుగలదానిని, మొదట విప్పింపుడు. చిలుము పట్టిన సాకెట్టులను శుభ్రపఱచుటకై స్ప్రే డబ్బాలలో అమ్మబడు కాంటాక్టు క్లీనరు వాడవలెను. కొన్ని షెడ్లలో పెట్రోలుతో కడుగుదురు. మూసియున్న కారులో పెట్రోలు ఆవిరియు ఒక్క నిప్పురవ్వయు కలిసిన చాలును, ఇల్లుకూడ అంటుకొనును, ఎంతమాత్రము ఒప్పుకొనకుడు. సీటు క్రిందగాని స్టీరింగు దగ్గఱగాని పసుపుపచ్చని సాకెట్టు కనబడినచో అది సామాన్యముగ గాలిసంచులది. దానిని మీరును ముట్టకుడు, తెలియనివానిని ముట్టనీయకుడు.

భీమాయున్నదిగదా యని ధైర్యపడుటకు వీలులేదు. మన దేశపు సాధారణ మోటారు భీమాలో అరుగుదలయు, దానంతట కలిగిన విద్యుద్దోషములును చేరవు. మెల్లమెల్లగ కారిన నీటివలని నష్టమును ఆ లెక్కలోనే వేసి త్రోసిపుచ్చుదురు.

పాత కారు కొనదలచినవారికి ఒక సంగతి. 2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగినప్పుడు విజయవాడయందును కార్లు అనేకము మునిగినవి. మునిగిన కారును కడిగి తుడిచి రంగువేసి అమ్మకమునకు పెట్టిన కొనువారికి సులభముగ తెలియదు. తీగలలోని చిలుము మాత్రము ఆఱునెలలకో ఏడాదికో బయటపడును. అట్టి కారును చూడబోవునప్పుడు సీటును ముందునకు జరిపి దాని క్రింది మరలు త్రుప్పుపట్టినవేమో చూడుడు. డిక్కీలో అదనపు చక్రపు గుంటను వ్రేలితో తడవుడు, సన్నని బురద తగులునేమో. పిదప సీటుబెల్టును మెల్లగ చివరివఱకు లాగుడు. కడుగువారు సామాన్యముగ పైకి కనబడు భాగమునే కడుగుదురు. చుట్టుకొనియున్న భాగమున అడ్డముగ మట్టిచార యున్నచో, నీరు బెల్టు చుట్టవఱకు వచ్చినదని ఆ చారయే చెప్పును.